కంచెకి వంద గజాలు ఇవతల: మిస్సోరి నేషనల్ ఫారెస్ట్‌లో టర్కీ వేట, నా అనుభవం

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో దాదాపు 93 శాతం భూమి ప్రైవేటు వాళ్ళదే. మిగిలిన దాంట్లో పెద్ద ముక్క మార్క్ ట్వేన్ నేషనల్ ఫారెస్ట్. సుమారు 15 లక్షల ఎకరాలు, 29 కౌంటీల్లో పరుచుకుని ఉంటుంది, అదీ ఒకే చెక్కగా కాదు. మ్యాప్ తెరిస్తే ఆకుపచ్చ రంగు మధ్యలో తెల్లటి గళ్ళు కనిపిస్తాయి. అవన్నీ రైతుల పొలాలు, పశువుల బీళ్ళు. ఇక్కడ భూమిని మైలు చదరాలుగా సర్వే చేశారు. ఒక సెక్షన్ 640 ఎకరాలు. దాన్ని పదహారు భాగాలు చేస్తే వచ్చే నలభై ఎకరాల ముక్కకి ఒక్కో పక్క 1,320 అడుగులు, అంటే పావు మైలు. అందుకే ఓజార్క్స్ కొండల్లో అడవి మధ్యలో ఉన్నాం అనుకున్న చోట కూడా పావు మైలు దూరంలో ఎవరిదో ఒకరి కంచె తగులుతూ ఉంటుంది.

అడవి టర్కీ అనే పెద్ద కోడిజాతి పక్షికి కావలసింది కూడా ఈ అంచే. రాత్రి పడుకోవడానికి పెద్ద చెట్లు, పొద్దున్నే పురి విప్పి తిరగడానికి పొట్టి గడ్డి ఉన్న బీడు. చెట్లు సర్కారువి, బీడు రైతుది. కొన్నిచోట్ల ఇది తారుమారు. పక్షికి హద్దు తెలియదు, మనకి తెలిసి తీరాలి. ఇక్కడ చెప్పబోయే ప్రతి అడుగూ ఒక్క లెక్క కోసమే: పుంజు తనంతట తానే హద్దు దాటి సర్కారు భూమిలోకి రావాలి, అక్కడే పడాలి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అంటే నేరమే. అందుకే మనవాళ్ళు ఈ మాట వినగానే ఉలిక్కిపడతారు. ఇక్కడ కథ వేరు. ఇరవయ్యో శతాబ్దం నడిమికి మిస్సోరిలో టర్కీలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. రాష్ట్ర కన్జర్వేషన్ శాఖ ఉన్న కొద్దిపాటి పక్షులని వలేసి పట్టి, వేరే కౌంటీల్లో వదిలి పెంచింది. 1960లో మళ్ళీ వసంతకాలపు సీజన్ తెరిచారు. తుపాకుల మీద, తూటాల మీద ఫెడరల్ ఎక్సైజ్ పన్ను 1937 చట్టం ప్రకారం వన్యప్రాణుల పనికే పోతుంది, పర్మిట్ డబ్బులూ అంతే.

ముందు కాగితాలు. తెలుగువాళ్ళు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. సొంతదైనా, స్నేహితుడి దగ్గర తెచ్చుకున్నదైనా ఒకటే. దీనికున్న కొద్ది మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్. గడువు దాటిన రోజు ఆ మినహాయింపు కూడా పోతుంది, ఇంట్లో బీరువాలో ఉన్న తుపాకీతో సహా. కాబట్టి పర్మిట్ మీది తేదీని పాస్‌పోర్ట్ తేదీలాగే చూసుకోవాలి. షాపులో తుపాకీ కొనడానికి 4473 ఫారం నింపేటప్పుడు ఐ‑94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) నంబరు, హంటింగ్ లైసెన్స్, ఆ రాష్ట్రంలో ఉంటున్నట్టు రుజువు అడుగుతారు. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్ళకి ఈ చిక్కు లేదు.

1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పూర్తి చెయ్యాలి. వసంతకాలపు సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు ఉంటుంది. మొత్తం రెండు పక్షులు, అవి పుంజులు గానీ గడ్డం (రొమ్ము మీద వేలాడే వెంట్రుకల్లాంటి కుచ్చు) కనిపించే పక్షులు గానీ అయి ఉండాలి. మొదటి వారంలో ఒక్కటే. ఒకే రోజు రెండు కొట్టకూడదు. షాట్‌గన్‌లో గుళ్ళు 4వ నంబరు కన్నా పెద్దవి వాడకూడదు (నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది). రికార్డు చేసిన కూతలు వినిపించి పిలవడం కూడా నిషేధం. వేళ సూర్యోదయానికి అరగంట ముందు మొదలవుతుంది. 2024 నుంచి ప్రైవేటు భూమిలో సూర్యాస్తమయం దాకా వేటాడొచ్చు, సర్కారు భూమిలో మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకి ఆపెయ్యాలి. ఒంటిగంట దాటాక కంచె అవతల తుపాకీ మోగిందని మనం కూర్చుని ఉండిపోకూడదు. నియమాలు ఏటా మారుతుంటాయి, ఆ ఏటి పుస్తకం చదవకుండా బయల్దేరొద్దు.

ఇక హద్దు. ఫోన్‌లో ఆన్‌ఎక్స్ లాంటి యాప్ పెట్టుకుంటే పొలాల గీతలు, యజమానుల పేర్లు కనిపిస్తాయి. అది లేకుండా ఈ వేట పెట్టుకోవద్దు, అలాగని దాన్ని పూర్తిగా నమ్మొద్దు కూడా. ఆ గీతలు కౌంటీ పన్నుల రికార్డుల నుంచి వచ్చినవి, సర్వే రాళ్ళ నుంచి కాదు. దానికి తోడు చెట్ల కింద జీపీఎస్ పదిహేను ఇరవై అడుగులు అటూ ఇటూ చూపిస్తుంది. రెండు తప్పులూ ఒకే వైపు కలిశాయంటే గీతకి ఇవతల ఉన్నామనుకుంటూ పక్కవాడి చేలో ఉంటాం. సిగ్నల్ లేని లోయలే ఎక్కువ కాబట్టి ఆ ప్రాంతం మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకోవాలి.

కంచెని కూడా హద్దు అనుకోకూడదు. కొండ వాలులో స్తంభాలు పాతడం కష్టమైన చోట రైతులు కంచెని తమ భూమి లోపలికి జరిపి వేసుకుంటారు. కొన్నిచోట్ల తాతల నాటి కంచె అడవిలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. కంచె, యాప్ గీత, ఫారెస్ట్ వాళ్ళ బోర్డులు, మూడూ చూసి, వాటిలో మనకి ఎక్కువగా అడ్డొచ్చేదాన్నే హద్దుగా తీసుకుంటాను. చెట్ల మీద ఊదా రంగు గీతలు కనిపిస్తే అక్కడితో ఆగిపోవాలి. 1993 నుంచి మిస్సోరి చట్టంలో ఆ రంగుకి ప్రవేశం నిషేధం అన్న బోర్డుతో సమానమైన విలువ ఉంది. గీత నిలువుగా, కనీసం 8 అంగుళాల పొడవు, కింది అంచు నేలకి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో, ఒక గుర్తుకీ ఇంకో గుర్తుకీ మధ్య 100 అడుగులు మించకుండా వేస్తారు. పాత రంగు వెలిసి బూడిద రంగులోకి తిరుగుతుంది, టార్చి వెలుతురులో నాచులాగా ఉంటుంది. అందుకే పగటిపూట ఒకసారి హద్దు వెంబడి నడిచి చూసుకోవాలి. రంగూ బోర్డూ ఏమీ లేకపోయినా అనుమతి లేకుండా అడుగు పెడితే తప్పే, శిక్ష మాత్రమే తేడా.

రెండు సర్కారు ముక్కలు ఒక్క మూల దగ్గర మాత్రమే కలిసే చోట్లు కూడా తగులుతాయి. ఆ మూల మీదుగా దాటడంపై 2025లో పదో సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు వేటగాళ్ళకి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. అది వ్యోమింగ్ కేసు, మిస్సోరి ఆ కోర్టు కిందకి రాదు. ఇక్కడ నేను మూలలు దాటను, ఎవరినీ దాటమనను.

పక్షుల కోసం వెతకడం మార్చి చివరలోనే మొదలుపెట్టాలి. తెల్లవారుజామున రోడ్డు పక్కన బండి ఆపి, ఇంజను కట్టేసి వింటే చాలు. పుంజు చెట్టు మీద నుంచే కూస్తుంది. గాలి లేని పొద్దున మైలు దూరం నుంచి కూడా వినిపిస్తుంది. ఏ దిక్కున విన్నామో రెండు వేర్వేరు చోట్ల నుంచి మ్యాప్ మీద గీతలు గీస్తే అవి కలిసే చోట మకాం చెట్టు ఉంటుంది. సీజన్‌కి ముందు పెట్టలా కూతలు వేసి వాటిని పిలవొద్దు. ఊరికే అలవాటు పడి, అసలు రోజున పట్టించుకోవు.

మధ్యాహ్నం హద్దు వెంట నడుస్తూ పక్షులు ఏ దారిన దాటుతున్నాయో చూడాలి. అన్నిటికన్నా విలువైన సమాచారం ఇదే. టర్కీ ఎగరగలదు, అయినా పురి విప్పి వచ్చే పుంజు కంచె దగ్గర ఎగరడానికి ఇష్టపడదు. ముళ్ళతీగ కంచె అయితే కింద నుంచి దూరి వస్తుంది. అల్లిక వల కంచె అయితే దాని వెంట అటూ ఇటూ పచార్లు చేస్తూ కూస్తుంది, దాటదు. అందుకని ఖాళీలు వెతకాలి: గాలివానకి చెట్టు పడి కంచె వంగిన చోటు, వాగు కిందుగా తీగ వేలాడే చోటు, పాత గేటు. అక్కడ మెత్తటి మట్టిలో అడుగులు ఉంటాయి. మధ్య వేలు పొడవుగా, మొత్తం అడుగు నాలుగంగుళాలు దాటితే పుంజు. రెట్ట ఇంగ్లిష్ జె అక్షరంలా వంకర తిరిగి ఉంటే పుంజు, చుట్టలు చుట్టుకుని ఉంటే పెట్ట. ఎండుటాకులు వెనక్కి చెదిరి నేల బయటపడి ఉంటే అవి మేసిన చోటు. ఈ మధ్యే నిప్పు పెట్టి కాల్చిన పైన్ అడవి హద్దుని ఆనుకుని ఉందంటే అదృష్టమే. ఫారెస్ట్ వాళ్ళు కావాలనే అలా కాలుస్తారు, లేత గడ్డికీ పురుగులకీ టర్కీలు అక్కడ చేరతాయి.

హద్దు అవతల మొక్కజొన్నలు చల్లే ఫీడర్ ఉందేమో కూడా చూడాలి, గింజలు నేల మీద కనిపిస్తే చాలు. ఎర మనం వెయ్యకపోయినా, ఎర ఉన్న చోట టర్కీని వేటాడితే మనదే నేరం. ఎర పూర్తిగా తీసేశాక కూడా పది రోజులు ఆ చోటు ఎర చోటు కిందే లెక్క. ఫీడర్ దారిలో కూర్చోకుండా వేరే లోయకి పోవడం మేలు.

పక్క పొలం యజమానిని సీజన్‌కి ముందే కలవాలి. శనివారం మధ్యాహ్నం, మామూలు బట్టలతో, తుపాకీ బండిలో కూడా కనిపించకుండా వెళ్ళాలి. మీ పొలంలో వేటాడనిమ్మని అడగొద్దు. చిన్న కోరిక అడగాలి: “సర్, నేను పక్కన ఫారెస్ట్‌లో వేటాడతాను. దెబ్బ తిన్న పక్షి మీ వైపు పడితే మీకు ఫోన్ చేసి, తుపాకీ లేకుండా వచ్చి తీసుకోవచ్చా?” ఇంత చిన్న కోరికకి చాలామంది ఒప్పుకుంటారు. ఫోన్ నంబరు తీసుకుని, వాళ్ళ మాటని ఒక చిన్న కాగితం మీద సంతకంతో రాయించుకోవాలి. పశువులు ఏ వైపు ఉన్నాయో, ఎవరైనా బంధువులు అటువైపు వేటాడతారో కూడా అడగాలి. ఆ సమాధానం మన ప్రాణానికి సంబంధించింది. వద్దన్నారా, నవ్వుతూ సెలవు తీసుకుని, వాళ్ళ కంచెకి ఇంకా దూరంగా కూర్చోవాలి.

తుపాకీ విషయానికొస్తే, 12 గేజ్ గానీ 20 గేజ్ గానీ, ఫుల్ లేదా ఎక్స్‌ట్రా ఫుల్ చోక్ (గుళ్ళు చెదరకుండా గొట్టం మూతిని ఇరుకు చేసేది), 5 లేదా 6 నంబరు సీసపు గుళ్ళు ఉన్న మూడంగుళాల తూటా సరిపోతుంది. ఖర్చు పెట్టగలిగితే టంగ్‌స్టన్ గుళ్ళు, 9 నంబరు. సీసం సాంద్రత 11.3 అయితే దీనిది 18, అందుకే అంత చిన్న గుండు కూడా లోపలికి దిగుతుంది. ఏది కొన్నా ముందు రేంజ్‌లో 40 గజాల దగ్గర కాగితం పెట్టి కాల్చి చూడాలి. పది అంగుళాల వృత్తంలో వంద గుళ్ళు పడకపోతే ఆ తూటాకీ ఆ చోక్‌కీ పొసగలేదని అర్థం, దగ్గరికి జరిగి మన దూరం ఎంతో తేల్చుకోవాలి. గురి ఎప్పుడూ తలా మెడా కలిసే చోట. ఒంటి మీద కొడితే ఈకలే రాలతాయి, పక్షి లేచిపోయి ఎక్కడో చస్తుంది. హద్దు దగ్గర అంతకన్నా పెద్ద నష్టం లేదు.

ఎక్కడ కూర్చోవాలన్నదే అసలు పని. నేను హద్దుకి కనీసం వంద గజాలు లోపల కూర్చుంటాను. 40 గజాల్లో కొడితే పక్షికీ హద్దుకీ మధ్య ఇంకా 60 గజాలు మిగులుతాయి. దెబ్బ తిన్న పుంజు మనకి దూరంగా, వచ్చిన దారినే పరిగెడుతుంది, అంటే కంచె వైపే. ఆ అరవై గజాలు రెండో తూటాకి ఉన్న సమయం. కంచెకి ముప్ఫై గజాల్లో కూర్చునేవాళ్ళు పక్షిని దగ్గరగా చూస్తారు గానీ తెచ్చుకోలేరు. అది కంచె అవతలే నిలబడి కూస్తుంది, వేలు ట్రిగ్గర్ మీద దురద పెడుతుంది. ఆ పరిస్థితిలోకి మనల్ని మనం తెచ్చుకోకూడదు.

గుళ్ళు పోయే దిక్కు ఇంకో సంగతి. 6 నంబరు గుండు 200 గజాలు దాటి పోగలదు, కాబట్టి కంచెకి వంద గజాల దూరం అన్నది గుళ్ళకి ఒక లెక్క కాదు. తుపాకీ కంచె వైపు చూడకుండా, దానికి సమాంతరంగా గానీ అడవి లోపలికి గానీ చూసేలా కూర్చోవాలి. పక్షి దాటే ఖాళీ నుంచి పాత కలప రోడ్డో, కొండ గట్టో లోపలికి వచ్చి మలుపు తిరిగే చోటు చూసుకోవాలి. ఆ మలుపుకి పక్కగా, భుజాల కన్నా వెడల్పు ఉన్న చెట్టుకి వీపు ఆనించి కూర్చుంటే పక్షి మన ముందు అడ్డంగా నడుస్తుంది, వెనక కొండ వాలు గుళ్ళని ఆపుతుంది. కుడిచేతి వాటం వాళ్ళు పక్షి వచ్చే వైపుకి ఎడమ భుజం పెట్టాలి, తుపాకీ ఎడమకి తిరిగినంత సులువుగా కుడికి తిరగదు. నేషనల్ ఫారెస్ట్‌లో ఇల్లు, క్యాంపు ఏది ఉన్నా దానికి 150 గజాల లోపు, అలాగే రోడ్డుకి అడ్డంగా, కాల్చకూడదు. హద్దు పక్కన ఇళ్ళు ఉంటాయి కాబట్టి ఈ దూరం ముందే కొలుచుకోవాలి.

తెల్లవారడానికి గంట ముందే చేరి కూర్చోవాలి. మకాం చెట్టుకి నూటయాభై గజాల కన్నా దగ్గరికి పోతే లేచిపోతాయి. ముందు మెల్లగా, చెట్టు మీద పెట్టలా రెండు మూడు నిద్రకూతలు, అంతే. పుంజు బదులు పలికితే కాల్ (కూత పలికించే పరికరం) కింద పెట్టెయ్యాలి. కొత్తవాళ్ళు చెడగొట్టుకునేది ఇక్కడే. పుంజు కూసిన ప్రతిసారీ బదులిస్తే, పెట్ట తనే వస్తుందనుకుని అది కంచె అవతలే నిలబడుతుంది. బాక్స్ కాల్ గాలి ఉన్న రోజున దూరానికి, స్లేట్ కాల్ దగ్గరికి, నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్ చేతులు కదలకూడని చివరి నిమిషానికి.

కంచె దగ్గర ఆగిపోయిందా, ముందుకి జరగొద్దు. వెనక్కి, అడవి లోపలికి అరవై గజాలు పాక్కుంటూ పోయి, మొహం అటు తిప్పి మెత్తగా ఒకటి రెండు కూతలు వేసి, చేత్తో ఎండుటాకులు గీకాలి. పెట్ట విసుగొచ్చి వెళ్ళిపోతోంది అనిపించాలి. ఇద్దరు ఉంటే ఇంకా మంచిది. తుపాకీ పట్టుకున్నవాళ్ళు అక్కడే ఉంటారు, కూత వేసేవాళ్ళు వెనక్కి నడుస్తారు. పొద్దున్న పెట్టలతో కలిసి బీట్లోకి పోయిన పుంజు గురించి దిగులు వద్దు. తొమ్మిదిన్నర తర్వాత పెట్టలు గుడ్ల మీదకి పోతాయి, పుంజు ఒంటరిదవుతుంది. అప్పటికి సర్కారు భూమిలో చాలామంది వేటగాళ్ళు ఇంటికి పోయుంటారు. నాకు ఒంటిగంట లోపు ఆ మూడున్నర గంటలే తెల్లవారుజాము కన్నా విలువైనవి.

సర్కారు భూమిలో ఇంకొకరు ఉన్నారనే అనుకోవాలి. కూత విని దాని మీదకి పాకుతూ పోవద్దు, అది మనిషి కావచ్చు. పుంజు తల రంగులు ఎరుపు, తెలుపు, నీలం. సాక్సు, లోపలి బనియను, జేబురుమాలు, దేంట్లోనూ ఆ రంగులు ఉండకూడదు. ఎవరైనా మన వైపు వస్తుంటే చెయ్యి ఊపొద్దు, గట్టిగా “హలో” అని అరవాలి. డికాయ్‌ని (ఎరగా పెట్టే టర్కీ బొమ్మని) సంచిలో మూసి మొయ్యాలి. టర్కీ తోకని విసనకర్రలా పట్టుకుని పాకే పద్ధతి ప్రైవేటు భూమిలో కూడా ప్రమాదమే, ఇక్కడ అసలే వద్దు.

పురి విప్పినప్పుడు మెడ ముడుచుకుని ఉంటుంది. ఒక గట్టి క్లక్ (పెట్ట పొట్టి కూత) వేస్తే తల ఎత్తుతుంది, అప్పుడే కాల్చాలి. గడ్డం చూడాలి, వెనక ఇంకో పక్షి తల లేదని చూడాలి. కాల్చగానే సేఫ్టీ పెట్టి త్వరగా వెళ్ళి మెడ మీద కాలు వెయ్యాలి, గోళ్ళకీ కాలి ముల్లుకీ దూరంగా.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా పక్షి హద్దు దాటి పడితే, చట్టం రెండు మాటలు చెబుతుంది: దాన్ని తీసుకోవడానికి తగిన ప్రయత్నం చెయ్యాలి, అనుమతి లేకుండా మాత్రం అడుగు పెట్టకూడదు. పడిన చోటు ఫోన్‌లో గుర్తు పెట్టుకుని, యజమానికి ఫోన్ చెయ్యాలి. యజమాని దొరక్కపోతే ఆ కౌంటీలో కన్జర్వేషన్ శాఖ అధికారి అయిన ఏజెంట్‌కి చెప్పాలి. ఏజెంట్ యజమానిని బలవంతం చెయ్యలేరు, మాట్లాడి చూడగలరు.

పక్షి చేతికి వచ్చిన వెంటనే పర్మిట్ మీద గాటు పెట్టాలి. ఆ రాత్రి పది గంటల లోపు ఫోన్‌లో టెలిచెక్ చెయ్యాలి, అంటే పక్షిని కొట్టినట్టు శాఖకి తెలియజెయ్యాలి, అది అయ్యేదాకా తల, ఈకలు అలాగే ఉంచాలి. బండి దాకా మోసేటప్పుడు నారింజ రంగు గుడ్డ చుట్టాలి, లేకపోతే మన భుజం మీద వేలాడే పుంజు మీద ఇంకొకరు గురి పెడతారు.

ఇంటికి రాగానే ఒంటి మీద పిడుదుల కోసం వెతకండి. బట్టలకి ముందే 0.5 శాతం పెర్మెత్రిన్ కొట్టి ఆరబెట్టాలి, ఒంటికి మాత్రం రాయకూడదు. ఓజార్క్స్‌లో వీపు మీద తెల్లచుక్క ఉండే లోన్ స్టార్ పిడుదులు ఎక్కువ. వాటి కాటు వల్ల కొందరికి ఆల్ఫా‑గాల్ ఎలర్జీ వస్తుంది. మటన్ తిన్న కొన్ని గంటలకి దద్దుర్లు, వాంతులు, ఊపిరాడకపోవడం. కొందరికి పాలు కూడా పడవు. కోడి, టర్కీ, చేపలకి ఇబ్బంది లేదు.

రొమ్ము మాంసంలో కొవ్వు ఉండదు. ఎముక నుంచి విప్పి, పలచటి ముక్కలు కోసి, పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి రాత్రంతా ఉంచి, పెనం మీద వేగంగా వేయించాలి. లోపల 74 సెంటీగ్రేడ్ చేరగానే దించెయ్యాలి, ఇంకా ఉంచితే పీచు అయిపోతుంది. కాళ్ళలో పుల్లల్లాంటి గట్టి నరాలు ఉంటాయి. వాటిని ముక్కలుగా కొట్టొద్దు, తొడతో సహా ప్రెషర్ కుక్కర్‌లో యాభై నిమిషాలు ఉడికించి, నరాలు లాగేసి, మాంసం విడదీసి గోంగూరలో వెయ్యాలి. వండే ముందు మెడ పక్క మాంసాన్ని వేళ్ళతో తడిమి చూడండి. ఈకతో పాటు లోపలికి దిగిన గుండు ఒకటైనా ఉంటుంది. టంగ్‌స్టన్ గుండు అయితే పన్ను విరుగుతుంది.